డ్రాక్యులా నవలను తెరకెక్కించాలంటే ఏం ఉంచాలి, ఏం వదిలేయాలి?

నెత్తురు తాగే పిశాచం డ్రాక్యులా కథగా బ్రామ్ స్టోకర్ రాసిన నవల 'డ్రాక్యులా'ను షార్ట్ ఫిల్మ్‌గానో వెబ్ సిరీస్‌గానో తీయాలనుకుంటే నవలలోంచి ఏం తీసుకోవాలి, సినిమాలన్నీ నవలకు అంత దూరంగా ఎందుకుంటాయి అని అడిగారు. ఇందులోని ఓడ కథను మా మిత్రబృందం కోసం అరగంట స్క్రీన్‌ప్లేగా రాశాను కాబట్టి ఆ పనిలో తెలిసింది చెప్తాను.

నవల హక్కుల గురించి టెన్షన్ అక్కర్లేదు. అది వచ్చింది 1897లో, స్టోకర్ పోయింది 1912లో, మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల వరకే కాపీరైట్. కానీ సినిమాలు కొత్తగా కలిపినవాటిని నవలలోవే అనుకోకండి. ఎండ తగిలితే పిశాచం చచ్చిపోవడం స్టోకర్ రాసింది కాదు, 1922లో మూర్నౌ తీసిన జర్మన్ సినిమా 'నొస్ఫెరాటు'తో వచ్చింది. నవలలో డ్రాక్యులా లండన్‌లో పట్టపగలే తిరుగుతాడు, కాకపోతే పగటిపూట అతని శక్తులు పనిచేయవు. (ఆ సినిమాను అనుమతి లేకుండా తీశారని స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెళ్లింది, ప్రింట్లు నాశనం చేయమని తీర్పు కూడా వచ్చింది, అయినా కొన్ని బతికి బయటపడ్డాయి.) అందుకే ముందు నవల పూర్తిగా చదవండి, చూసిన సినిమాల జ్ఞాపకంతో రాయడం మొదలుపెట్టొద్దు.

ఇక అసలు సంగతి. నవలంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపర్ కటింగులు. మొదటి నాలుగు అధ్యాయాలు దాటాక డ్రాక్యులా కనిపించేదే తక్కువ. మరి భయం ఎక్కణ్నుంచి వస్తుందంటే, ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడం నుంచి. డ్రాక్యులా బారిన పడ్డ లూసీ అనే అమ్మాయి గదిలో, ఆమెకు వైద్యం చేస్తున్న డాక్టర్ వాన్ హెల్సింగ్ పిశాచాన్ని దూరంగా ఉంచే వెల్లుల్లి పూలు పెట్టించి వెళ్తాడు, గుండె జబ్బు మనిషని ఆమె తల్లికి ఎవరూ ఏమీ చెప్పరు, ఆవిడేమో గదిలో గాలాడట్లేదని ఆ పూలు తీసేసి, కాస్త కిటికీ తెరిచి, పొద్దున ఆ సంగతి డాక్టర్లకు సంతోషంగా చెప్తుంది. ఆవిడ అటు వెళ్లేదాకా వాన్ హెల్సింగ్ మొహంలో ఏదీ కనపడనివ్వడు, వెళ్లాక కూలబడి ఏడుస్తాడు. కోరలూ లేవు, నెత్తురూ లేదు, అయినా నాకు నవల మొత్తంలో ఒళ్లు జలదరించే చోటు ఇదే. అనువాదమనండి, అనుసరణ అనండి, తెర మీదికి రావాల్సింది ఇదీ.

అద్దం సీన్ తీసుకోండి. నవలలో పని మీద డ్రాక్యులా దగ్గరికి వచ్చిన కుర్ర లాయరు జోనథన్ హార్కర్ అతని కోటలో కిటికీ దగ్గర చిన్న అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటుంటాడు, భుజం మీద డ్రాక్యులా చెయ్యి పడుతుంది, అద్దంలో వెనక గదంతా కనిపిస్తోంది గానీ మనిషి లేడు. ఉలిక్కిపడి కోసుకుంటాడు. నెత్తురు చూసి డ్రాక్యులా గొంతు పట్టుకోబోయి, మెడలోని జపమాల తగలగానే వెనక్కి తగ్గుతాడు, అద్దాన్ని కిటికీలోంచి విసిరేస్తాడు. అప్పుడు హార్కర్ డైరీలో రాసుకునేది ఏమిటో తెలుసా, ఇక గడ్డం ఎలా గీసుకోవాలి అని చిరాకు! తానెంత ఆపదలో ఉన్నాడో ఆ మనిషికి ఇంకా పూర్తిగా ఎక్కలేదు, మనకు ఎక్కేసింది. 1931 యూనివర్సల్ సినిమాలో అద్దం సిగరెట్ పెట్టె మూతలోకి మారింది, అందులో చూసి కనిపెట్టేది వాన్ హెల్సింగ్. ఆ సినిమా రంగస్థల నాటకం మీదుగా వచ్చింది కాబట్టి కథ డ్రాయింగ్ రూముల్లో నడుస్తుంది, అక్కడికి అది బాగానే కుదిరింది. కానీ సీన్ స్వభావం మారిపోయింది చూడండి. చిక్కుకున్నవాడికి తెలియాల్సిన రహస్యం వేటాడేవాడికి తెలిసింది, ఒంటరితనం పోయి ఎత్తుకు పైఎత్తు వచ్చింది. మీరు ఏ సీన్ మార్చినా ఈ ప్రశ్న వేసుకోండి: ఇది ఇప్పుడు ఎవరికి తెలుస్తోంది?

నేను రాసిన ఓడ కథ బల్గేరియాలోని వార్నా నుంచి ఇంగ్లండ్‌లోని విట్బీకి డ్రాక్యులాను మోసుకొచ్చే డిమీటర్‌ది. కెప్టెన్ రోజూ రాసుకునే లాగ్‌బుక్కే కథ. ఒక్కొక్కరే మాయమవుతారు, చివరికి కెప్టెన్ చుక్కాని చక్రానికి తన చేతులు కట్టేసుకుని చనిపోతాడు. వాయిస్ ఓవర్ వద్దని మొదట్లోనే అనుకున్నాను, ఎందుకంటే కెప్టెన్ గొంతు వినిపిస్తుంటే పక్కన ఇంకో మనిషి ఉన్నట్టే ఉంటుంది. దాని బదులు కాపలా మారే సమయాల మీద సీన్లు కట్టాను: ఒకడు పైకి వెళ్తాడు, కాపలా అప్పగించి దిగాల్సినవాడు అక్కడ ఉండడు, కెప్టెన్ వచ్చి ఖాళీ డెక్కు చూసి కిందికెళ్లి లాగ్‌లో ఒక వాక్యం రాస్తాడు, అంతే. పిశాచాన్ని ఎక్కడా చూపించలేదు, లాగ్‌లో ఉన్నట్టే ఎవరో పొడుగాటి సన్నటి మనిషిని చూశానని ఒకడు చెప్పడం వరకే. అందరం కూర్చుని చదువుకున్నప్పుడు గది నిశ్శబ్దమైంది ఆ ఖాళీ డెక్కుల దగ్గరే.

ఇంకొకటి, స్టోకర్ ముందు పేపర్ రిపోర్టు పెట్టి, శవంతో ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చిన సంగతి చెప్పేసి, ఆ తర్వాతే లాగ్ చదివిస్తాడు. ఈ వరసను ముట్టుకోకండి. సస్పెన్స్ పోతుందని నిర్మాత భయపడొచ్చు, కానీ అందరూ పోతారని ముందే తెలిసి చూస్తేనే ఒక్కో నావికుడూ అన్నం తింటున్నా, తోటివాడితో గొడవపడుతున్నా మనసు పట్టేస్తుంది. బడ్జెట్ తక్కువైతే ఇక్కణ్నుంచే మొదలుపెట్టండి: ఒక డెక్కు, ఒక క్యాబిన్, తొమ్మిదిమంది నటులు చాలు.