ముందు థర్మోస్టాట్ కొను, చిన్నా

చిన్నా,

నువ్వు బాల్ పైథాన్ అనే చిన్న రకం కొండచిలువని పెంచబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "అక్కా, వీడికి నీ పిచ్చే పట్టింది, ఏదో ఒకటి చెప్పు" అంది. నేను వద్దంటానని దాని ఆశ. నాకేమో సంతోషంతో మాట రాలేదు. మా ఇంట్లో పెట్టెల ముందు గొంతుక్కూర్చుని, పాము ఎటు కదిలితే అటు తల తిప్పేవాడివి. ఆ పిల్లాడు ఇప్పుడు తన సొంత పాము గురించి ఆలోచిస్తున్నాడంటే గర్వంగా ఉండదా? కానీ ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. నువ్వు కొనాలనుకుంటున్న వాటిలో హీట్ మ్యాట్, వేడి రాయి ఉన్నాయట. పెట్టెలో వేడిని బట్టి హీటర్‌ని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మాటే లేదు.

చట్టప్రకారం కావాల్సిన కాగితాలు, పెట్టెకి గట్టి గొళ్లెం, తిరగబడని నీళ్లగిన్నె, పాముల్ని చూసే డాక్టర్ నంబరు నువ్వే చూసుకోగలవు. పెట్టెని ఎండ పడే కిటికీ దగ్గర మాత్రం పెట్టకు.

పాము మనలా ఒంట్లో వేడి పుట్టించుకోలేదు. కొన్ని జాతుల తల్లి కొండచిలువలు మాత్రం గుడ్లను చుట్టుకుని, కండరాలు అదిరిస్తూ వాటిని వెచ్చగా ఉంచుతాయి. 1841లోనే పారిస్‌లో వాలాన్‌సియెన్ అనే శాస్త్రవేత్త ఆ వేడిని కొలిచి రాశాడు. నాకు చాలా ఇష్టమైన సంగతి అది. మిగతా సమయమంతా పాముకి వెచ్చదనం బయటినుంచే రావాలి. ఎప్పుడు ఎంత కావాలో దానికి తెలుసు. వెచ్చటి చోటికి వెళ్లి, చాలనిపించగానే చల్లటి చోటికి జరుగుతుంది. అలా జరగడానికి పెట్టెలో రెండు చోట్లూ ఉండాలి. నీ పని అదే.

బాల్ పైథాన్‌కైతే వెచ్చటి వైపు అది పడుకునే చోట 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లటి వైపు 24 నుంచి 27 ఉంచు. రాత్రిళ్లు కూడా 22 కిందికి పోనివ్వకు. వెచ్చదనం చాలకపోతే తిన్నది అరగక కక్కేస్తుంది. చాన్నాళ్లు చలిలో ఉంచితే ఊపిరితిత్తుల జబ్బు చేస్తుంది. దాక్కోవడానికి గూళ్లు రెండు పెట్టు, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. చల్లటి వైపు ఒక్కటే పెట్టావనుకో, బెదిరిన పాము వెచ్చదనం వదులుకునైనా ఆ గూట్లోనే ఉండిపోతుంది.

ఇక ఆ వేడి రాయి. దాన్ని కొనకు. ఎవరైనా ఊరికే ఇచ్చినా పెట్టెలో పెట్టకు.

నాకు పాముని చేతుల్లోకి తీసుకోవడం నేర్పిన పెద్దాయన ఒకరుండేవారు. ఎంత నెమ్మదైన మనిషో చెప్పలేను. పాము ముందు గట్టిగా మాట్లాడితేనే కోప్పడేవారు. ఆ రోజుల్లో పాముకి వేడి అంటే లోపల కరెంటు తీగ ఉన్న రాయే అమ్మేవాళ్లు. ఆయనా అదే కొన్నారు. ఆయన బాల్ పైథాన్ రోజంతా దానిమీదే చుట్టలు చుట్టుకుని పడుకునేది. "చూడమ్మా, దీనికెంత నచ్చిందో" అని మురిసిపోయేవారు. కొన్నాళ్లకి దాని పొట్ట ఎర్రబారింది. బాల్ పైథాన్ కుబుసం విడిచే ముందు పొట్ట గులాబీ రంగులోకి వస్తుంది కదా, అదే అనుకున్నారు. ఎవరైనా అదే అనుకుంటారు. కుబుసం పెద్దగా ఊడి రాలేదు. పొలుసుల కింద నీటి బొబ్బలు లేచాయి, తర్వాత పొలుసులే ఊడిపోయాయి. కాలిన గాయం పాములో ఒక్కసారిగా బయటపడదు. అది కనబడేటప్పటికే ఆలస్యమైపోయింది.

డాక్టర్ సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీమ్ రాసిచ్చారు. పెట్టె అడుగున పరిచిన పొట్టు అంతా తీసేసి తెల్ల కాగితాలు వేశాం, తడిసిన ప్రతిసారీ మార్చేవాళ్లం. పట్టుకున్న ప్రతిసారీ ఆయన పామును తిప్పి పొట్ట చూసేవారు. కుబుసం మీద కుబుసం విడిచాక గానీ గాయం మానలేదు, మచ్చలు అలాగే ఉండిపోయాయి. పెదవుల మీద గుంటలతో చీకట్లో ఎలుక ఒంటి వేడిని పసిగట్టే జీవి, తన పొట్ట కాలుతుంటే ఎందుకు లేవలేదని ఆయన ఎన్నోసార్లు అడిగారు. మిగతా పెట్టంతా చల్లగా ఉండటమే అందుకు కారణం. ఒళ్లంతా వెచ్చబడేదాకా పాము అక్కడే ఉంటుంది. ఈలోపు రాయికి తగిలిన చోటు కాలిపోతుంది. రాయి అన్ని చోట్లా ఒకేలా కాగదు కూడా. నచ్చిందని ఆయన మురిసిపోయారే, దానికి వేరే దారి లేదు.

అందుకే నీ లిస్టులో థర్మోస్టాట్ లేదనగానే నా చేతులు చల్లబడ్డాయి. ఏ హీటరైనా సరే, థర్మోస్టాట్ లేకుండా ఒక్క రాత్రి కూడా పెట్టకు. ఈ విషయంలో నా మాట కాదనకు.

ఏం కొనాలంటే, పగలు పైనుంచి హాలోజన్ బల్బు. దాని వేడి ఎండలాగా ఒంట్లోకి దిగుతుంది. రాత్రికి వెలుతురు లేని డీప్ హీట్ ప్రొజెక్టర్ గానీ సిరామిక్ హీటర్ గానీ. ఎర్ర బల్బు వద్దు, రాత్రి చీకటిగా ఉండాలి. సిరామిక్ హీటర్‌కి పింగాణీ హోల్డరే వాడు, ప్లాస్టిక్ కరిగిపోతుంది. వెలగదు కాబట్టి కాలుతోందని చూసి తెలుసుకోలేవు, చెయ్యి పెట్టేవు జాగ్రత్త! పెట్టె లోపల ఏది బిగించినా చుట్టూ వైరు జాలీ ఉండాలి. పాములు బల్బులకి చుట్టుకుంటాయి. పైనుంచి వచ్చే వేడి గాలిని ఆరబెడుతుంది, తేమ 60 శాతం దగ్గర నిలిచేలా చూసుకో.

హీట్ మ్యాట్ కొనేశావంటే పారెయ్యక్కర్లేదు. పెట్టె బయట, అడుగున, మూడోవంతు మేరకే పెట్టు. అది గాలిని పెద్దగా వేడెక్కించదు, గది చల్లగా ఉంటే అదొక్కటే చాలదు. పైన పొట్టు మందంగా పరిస్తే వేడి పెట్టె అడుగు అద్దం దగ్గరే పోగవుతుంది. పాము తవ్వుకుంటూ వెళ్లి సరిగ్గా అక్కడే పడుకుంటుంది.

హాలోజన్‌కి కరెంటుని కొద్దికొద్దిగా పెంచి తగ్గించే డిమ్మింగ్ థర్మోస్టాట్, సిరామిక్‌కి కరెంటుని విడతలు విడతలుగా పంపే పల్స్ థర్మోస్టాట్, మ్యాట్‌కి మామూలు ఆన్ ఆఫ్‌ది సరిపోతుంది. థర్మోస్టాట్ తీగ చివర వేడిని కొలిచే ప్రోబ్‌ని కదలకుండా బిగించు. నాకు రాత్రి నిద్ర పట్టనివ్వని సంగతి ఇది: పాము ఆ తీగని లాగి ప్రోబ్‌ని నీళ్లగిన్నెలో పడేస్తే, పెట్టె చల్లగా ఉందనుకుని థర్మోస్టాట్ హీటర్‌ని ఆపకుండా నడుపుతుంది. అందుకే ఎక్కువ వేడయితే దానంతటదే ఆగే రకం చూసి కొను. అలాగని టేపుతో మాత్రం అతికించకు. టేపుకి అంటుకున్న పాము చర్మం చిరిగిపోతుంది. పెట్టె లోపల టేపు ముక్క కూడా ఉండకూడదు.

థర్మోస్టాట్ చూపించే అంకెని నమ్మి ఊరుకోకు. రెండు వైపులా వేరే డిజిటల్ థర్మామీటర్లు పెట్టు, పడుకునే చోటుని టెంపరేచర్ గన్‌తో కొలువు. ముల్లుతో తిరిగే, అద్దానికి అంటించే డయల్స్ మీద నాకు నమ్మకం లేదు.

కరెంటు పోతే కంగారుపడకు. పెట్టె చుట్టూ దుప్పటి కప్పు, మళ్లీ వెచ్చబడేదాకా ఆహారం పెట్టకు. ఒక రాత్రి చలిని ఆరోగ్యంగా ఉన్న పాము తట్టుకుంటుంది. ఎక్కువ వేడిని అలా తట్టుకోలేదు, అందుకే నా భయమంతా అటువైపే.

పాముని ఇప్పుడే తేకు. ఖాళీ పెట్టెలో అన్నీ ఆన్ చేసి ఓ వారం నడవనివ్వు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రెండు వైపులా వచ్చిన రీడింగులు రాసి నాకు పంపు. ప్రోబ్ ఎక్కడ బిగించావో ఫోటో కూడా తీసి పంపు, నేను చూసి చెబుతా. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

ప్రేమతో,
పెద్దమ్మ