ఒక్క సమస్యను పట్టుకుని నెల రోజులు కూర్చో

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. కొరియన్ భాషా పరీక్ష టోపిక్‌లో మూడో లెవెల్ వచ్చింది, డ్రామాలు సగానికి సగం సబ్‌టైటిల్స్ లేకుండానే అర్థమవుతున్నాయి, వార్తలు పెడితే మాత్రం ఒక్క ముక్కా ఎక్కట్లేదు అన్నావు. అందుకని రోజుకు 50 పదాలు బట్టీ పడుతున్నావట. ఆ పుస్తకం కొన్నాళ్ళు పక్కన పెట్టు తల్లీ. కొరియా జనాన్ని ఇప్పుడు పీడిస్తున్న సమస్య ఏదైనా ఒక్కటి తీసుకుని, నెల రోజులు దాన్నే చదువు, దాన్నే విను.

ఇది నాకెలా తెలిసిందో చెప్తాను. కొరియాలోని సువన్ వచ్చిన రెండో ఏడు మేం ఇల్లు మారాలనుకున్నాం. బ్రోకరు టేబుల్ మీద ఒక కాగితం పెట్టాడు. దాన్ని తుంగ్‌గిబు తుంగ్‌బోన్ అంటారు, ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే మన ఈసీ లాంటిది. అందులో ఒక గడి మీద పెన్ను ఆనించి "కున్‌జొదాంగ్" అన్నాడు. నాకు తెలియలేదు. అడగడానికి సిగ్గేసి అవునవునన్నట్టు "నే, నే" అంటూ తలూపాను. ఆ మాటకు తాకట్టు అని అర్థమని ఇంటికొచ్చాక తెలిసింది. ఆ ఇంటి మీద అప్పటికే బ్యాంకు అప్పుంది. రాత్రంతా నిద్ర లేదు, తెల్లారి వెళ్ళి వద్దని చెప్పొచ్చాం. ఆ మాటను మళ్ళీ ఏనాడూ బట్టీ పట్టాల్సిన పని పడలేదు.

జొన్‌సే గురించి నీకు తెలియాలి. బెంగళూరులో లీజు ఇళ్ళు చూశావుగా, అలాంటిదే. ఇంటి ధరలో పెద్ద భాగం ముందే డిపాజిట్ కడతారు, నెలనెలా అద్దె ఉండదు, మామూలుగా రెండేళ్ళు అయ్యాక ఆ డబ్బు వెనక్కి రావాలి. ఇళ్ళ ధరలు పడిపోయాక చాలామందికి అది రాలేదు. ఇంచన్‌లోని మిచుహోల్‌లో వందల కుటుంబాలు మునిగిపోయాయి, కుర్రవాళ్ళు ప్రాణాలు తీసుకున్నారు. బాధితుల కోసం 2023లో ప్రత్యేక చట్టం తెచ్చారు. అదే ఏడు మా సువన్‌లోనూ ఇలాంటి మోసం బయటపడింది. ఆ వార్తల్లో "విల్లా" అని వింటే గేటెడ్ కమ్యూనిటీ అనుకోకు. అక్కడ విల్లా అంటే చాలాచోట్ల లిఫ్టు కూడా ఉండని మూడు నాలుగంతస్తుల చిన్న బిల్డింగ్. మోసపోయినవాళ్ళలో చాలామంది అలాంటి ఇళ్ళవాళ్ళే.

ఇప్పుడు పదాలు ఎలా అల్లుకుంటాయో చూడు. డిపాజిట్‌ను బోజుంగ్‌గుమ్ అంటారు. చివరి గుమ్ అంటే డబ్బు. పెన్షన్ యొన్‌గుమ్, జరిమానా బొల్‌గుమ్, జీతం ఇమ్‌గుమ్. కనీస వేతనం చ్వేజొ ఇమ్‌గుమ్. 2025లో అది గంటకు 10,030 వన్‌లు అయింది, పది వేలు దాటడం అదే మొదటిసారి. చ్వేజొలోని జొ అంటే తక్కువ. జననాలు తగ్గిపోవడాన్ని జొచుల్‌సెంగ్ అనేదీ ఆ జొతోనే. 2023లో అక్కడ సంతానోత్పత్తి రేటు 0.72. ఇదివరకు జొచుల్‌సాన్ అనేవారు. చుల్‌సాన్ అంటే కనడం, చుల్‌సెంగ్ అంటే పుట్టడం. ఆ పాత మాట తప్పంతా ఆడవాళ్ళ మీదికి నెట్టినట్టుందని చాలామంది కొత్త మాటకు మారారు. ఈ గొడవ తెలిస్తే ఆ రెండూ ఇక కలగాపులగం కావు.

మనకు సంస్కృతం ఎలాగో వాళ్ళకు చైనా మూలపు మాటలు అలాగ. నగరీకరణ, ప్రపంచీకరణ అని మనం "ఈకరణ" చేర్చినట్టే వాళ్ళు "హ్వా" చేరుస్తారు. అయితే ఒకే శబ్దం వచ్చిందని ఒకే మూలం అనుకోకు. కున్‌జొదాంగ్‌లోని జొ వేరు. ఆన్‌లైన్‌లో ఉండే నేవర్ డిక్షనరీలో పదం పక్కనే చైనా అక్షరాలు ఉంటాయి, అవి కలిశాయో లేదో చూసుకో.

కొరియా టీవీ ఛానెల్ కేబీఎస్ రాత్రి తొమ్మిది గంటల వార్తలకు వాళ్ళ సైట్‌లో వీడియోతో పాటు రాతప్రతి కూడా దొరుకుతుంది. ముందు రెండుసార్లు విను, తర్వాతే చదువు. నిరుద్యోగ రేటును అక్షరాల ప్రకారం షిల్-ఒప్-ర్యుల్ అని రాస్తారు, నోటితో మాత్రం షిరొమ్‌న్యుల్ అంటారు. నీకు వార్తలు ఎక్కకపోవడానికి సగం కారణం ఇదే. చదివాక మూసేసి నీ మాటల్లో మూడు వాక్యాలు రాయి. టోపిక్ 54వ ప్రశ్నకు 600, 700 అక్షరాల వ్యాసం అడిగేది ఇలాంటి విషయాల మీదే.

ఒక జాగ్రత్త. ఆన్‌లైన్‌లో మనుషుల్ని తిట్టే మాటల చివర "చుంగ్" కనిపిస్తుంది, పురుగు అని అర్థం. గుర్తుపట్టడం నేర్చుకో, నోట మాత్రం రానీయకు.

నీకు ఇళ్ళ గొడవ పట్టకపోతే ఇంకోటి చెప్తాను. మీ అన్నయ్య గ్రూప్స్ కోసం అశోక్‌నగర్‌లో మూడేళ్ళుగా ఉంటున్నాడు కదా. సియోల్‌లో నోర్యాంగ్‌జిన్ అలాంటిదే. కోచింగ్ సెంటర్లు, గోషివన్ అనే అగ్గిపెట్టె గదులు, నిలబడి తినేసే కప్పు అన్నం. సర్కారు పరీక్షలకు చదివేవాళ్ళను గోంగ్‌షిసెంగ్ అంటారు. జొచుల్‌సెంగ్‌లోని సెంగే ఇది, ఇక్కడ విద్యార్థి అని అర్థం. ఈ వారం వాళ్ళ మీద ఒక్క వార్త చదివి, ఆ మూడు వాక్యాలు నోట్‌బుక్‌లో చేత్తో రాసి ఫోటో పంపు. తప్పులున్నా దిద్దుకోకుండా అలాగే పంపు, ఆదివారం ఫోన్‌లో కలిసి చూద్దాం.

ప్రేమతో,
నీ పిన్ని