కమాను ముక్క జోలికి పోకు

చిట్టీ,

రేకులు కదలకుండా బిగించి పట్టే క్లాంపులు నువ్వే చేసుకుంటున్నావట, అదీ పాత తుక్కుతో. మీ నాన్న రాత్రి ఫోన్లో చెప్పాడు. గర్వం దాచుకోవడం వాడికి ఎప్పుడూ చేతకాదు. నాకూ సంతోషంగానే ఉంది. కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు.

తేలికవి ముందు చెప్పేస్తాను. 6 మి.మీ. మందం ఉన్న యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుము) ముక్కలతో సీ ఆకారం కట్టు, ఒక కొసకి ఎం10 నట్టు, అంటే 10 మి.మీ. బోల్టు పట్టేది, వెల్డ్ చేసి అతికించు. అతికించేటప్పుడు బోల్టు అందులోనే ఉంటే నట్టు పక్కకి వాలదు. బోల్టు మరల మీద రవ్వలు పడకుండా పైన ఏదైనా రేకు ముక్క చుట్టు. జింకు పూత ఉన్నవాటికి పూత పూర్తిగా తీసేశాకే మంట చూపించు, అదీ గాలాడే చోట. ఆ తెల్ల పొగ పీలిస్తే కొన్ని గంటలాగి చలిజ్వరం వస్తుంది. నేను పడ్డాను.

ఇక అసలు సంగతి. మీ నాన్న ఎడమ కనుబొమ్మలో వెంట్రుకలు మొలవని గీత ఉంది కదా. సైకిల్ మీంచి పడ్డానని నీకు చెప్పి ఉంటాడు. సైకిలూ కాదు, ఏమీ కాదు. నేను చేసిన క్లాంపు.

వాడికప్పుడు 19 ఏళ్లు. తుక్కులో బండి కమాను పట్టీ, అంటే బండి కింద ఉండే స్ప్రింగు పట్టీ, దొరికింది. ఇంతకంటే గట్టి ఇనుము ఏముంటుందని మురిసిపోయి, ముక్కలు కోసి సీ ఆకారంలో అతికించాను. వెల్డ్ చూస్తే ముచ్చటేసింది, చేపపొలుసుల్లా వరసగా ఉంది. సాయంత్రం బిగించి చూశాను, బ్రహ్మాండంగా పట్టింది. మర్నాడు మీ నాన్న వంగి రేకు పట్టుకున్నాడు. నేను పిడికి పైపు తొడిగి ఇంకో అర తిప్పు తిప్పాను. టప్‌మని ఒక్క చప్పుడు. క్లాంపు పై దవడ ఊడి ఎగిరింది. వాడు కిక్కురుమనలేదు, చెయ్యి మాత్రం నుదుటి మీదకి పోయింది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతుంటే కన్నే పోయిందనుకున్నాను. పైపు ఇంకా నా చేతిలోనే ఉంది.

తర్వాత విరిగిన చోటు చూస్తే వెల్డ్ చెక్కుచెదరలేదు. దాని పక్కనే, గాజు పగిలినట్టు తెగింది. కమానులో కార్బన్ ఎక్కువ. వెల్డ్ పక్కన ఎర్రగా కాలిన చోటు చుట్టూ ఉన్న చల్లటి ఇనుము వల్ల చటుక్కున చల్లారి, గట్టిపడి పెళుసెక్కుతుంది. పగులు అప్పుడే రానక్కర్లేదు, కొన్ని గంటల తర్వాత కూడా లోపల పుట్టవచ్చు. సాయంత్రం పట్టింది కదా అని నమ్మడం నా బుద్ధితక్కువ.

అందుకే ఏ ముక్కా రంగు చూసి తీసుకోకు. ఆకురాయి పెట్టి రాయి. మెత్తని ఇనుమైతే కొరుకుతుంది, గట్టిదైతే జారుతుంది. గ్రైండర్‌కి ఆనిస్తే మెత్తనిదాని రవ్వలు పొడుగ్గా గీతల్లా పోతాయి, కార్బన్ ఎక్కువైతే పొదలా పగులుతాయి. అనుమానం వస్తే పక్కన పడెయ్యి. బేరింగు, స్ప్రింగు, పాత ఆకురాయి, ఇవేవీ క్లాంపుకి పనికిరావు. పిడికి పైపు తొడగకు. తొడగాల్సి వచ్చిందంటే రేకులు సరిగా కూర్చోలేదనే, ముందు వాటిని సరిచెయ్యి.

కళ్లద్దాలు పెట్టుకో. వెల్డింగ్ హెల్మెట్ ఉందిగా అంటావు, తెలుసు. ఆ రోజు నేనేమీ వెల్డింగ్ చేయడం లేదు చిట్టీ, బిగిస్తున్నానంతే.

1 మి.మీ. రేకుకి ఇంకో చిట్కా. రాగి పైపు ముక్కని కొట్టి పట్టీలా చేసి అతుకు వెనక క్లాంపుతో నొక్కు. వేడి లాగేస్తుంది, ఉక్కు వెల్డ్ దానికి అంటుకోదు, రేకుకి చిల్లులు తగ్గుతాయి. టాకులు, అంటే ముందుగా పెట్టే చిన్న వెల్డ్ చుక్కలు, ఒకే వైపు నుంచి వరసగా వేయకు, అటొకటి ఇటొకటి వెయ్యి. లేదంటే రేకు అప్పడంలా లేస్తుంది.

మొదటి క్లాంపు అయ్యాక ఫోటో పంపు. రంగు వేయకముందే తియ్యి, వెల్డ్ పక్కన ఎలా ఉందో నేను చూడాలి. గీత సంగతి నేను చెప్పానని మీ నాన్నతో అనకు.

మీ పెదనాన్న