జీతం బత్తెం లేని పెత్తనం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, ఉత్తరాలంటే మెయిళ్లే లెండి, నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. జనమే ప్రశ్నలు అడిగి జనమే జవాబులు చెప్పుకునే చోట ఈ మోడరేటర్లు అనేవాళ్లు ఎవరు, వాళ్లకి ఆ పెత్తనం ఎవరిచ్చారు అని. నేనూ అలాంటి ఒక సైట్‌లో కొన్నేళ్లు రాత్రిపూట కూర్చుని రివ్యూలు చేసి, తిట్లు తిని, మానేసినవాణ్నే. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి జాగా అంతా వీటికే ఇస్తున్నాను, ఆరోగ్యం ప్రశ్నలు పంపినవాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: కాకినాడ దగ్గర ఒక కాలేజీలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. పైథాన్‌లో రెండు అంకెలు కూడే ప్రోగ్రామ్ రాస్తే, 2, 3 ఇచ్చినప్పుడు 5 రావాల్సింది 23 వస్తోంది. మర్నాడే ల్యాబ్ రికార్డు ఇవ్వాలి, ఆ టెన్షన్‌లో స్క్రీన్ ఫొటో తీసి, అర్జెంటు అని రాసి ఒక పెద్ద సైట్‌లో పెట్టాను. పావుగంటలో క్లోజ్ చేసేశారు, పైగా మూడు డౌన్‌వోట్లు, అంటే బాగాలేదనే ఓట్లు. నా ఇంగ్లీష్ చూసి నవ్వుకున్నారేమో. మళ్లీ అక్కడ అడగాలంటే భయంగా ఉంది.

జవాబు: ముందు మీ 23 సంగతి తేల్చేద్దాం, రికార్డు గడువు దాటిపోయినా సరే. పైథాన్‌లో ఇన్‌పుట్ అని రాస్తే మీరు టైప్ చేసింది అంకెగా రాదు, అక్షరాలుగా వస్తుంది. అక్షరాల మధ్య ప్లస్ పెడితే కూడిక జరగదు, అతుకు పడుతుంది. 2 పక్కన 3 అతికితే 23. ఆ ఇన్‌పుట్‌ని ఇంట్ (int) అని రాసి బ్రాకెట్లో పెట్టండి, 5 వస్తుంది. ఇది మీ ఒక్కరి తిప్పలు కాదు, పైథాన్ మొదలుపెట్టినవాళ్లలో సగం మంది మొదటి వారంలోనే పడే గొయ్యి ఇది, కాబట్టి దీనికి జవాబు అక్కడ ఎన్నడో ఉంది, మీ ప్రశ్నని తీసుకెళ్లి దానికి ముడిపెట్టి ఉంటారు.

క్లోజ్ అంటే కొట్టేయడం కాదు. కొత్త జవాబులు రాయనివ్వరు, అంతే. మీ ప్రశ్న అక్కడే ఉంటుంది, మీరు దిద్దుకోవచ్చు, దిద్దాక మళ్లీ తెరవమని అడగొచ్చు. ఈ రకం సైట్లలో అందరికీ తెలిసిన స్టాక్ ఓవర్‌ఫ్లోనే తీసుకుంటే (2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ మొదలుపెట్టారు), అక్కడ ప్రశ్న మూసేది చాలాసార్లు మోడరేటర్ కానే కాదు. తమ రాతలకి పడ్డ ఓట్లతో మూడు వేల రెప్యుటేషన్ పాయింట్లు సంపాదించిన మామూలు సభ్యులు ముగ్గురు ఓటేస్తే మూతపడుతుంది. ఒకప్పుడు ఐదుగురు కావాల్సి వచ్చేది, 2019లో మూడుకి దించారు. ఆ సబ్జెక్టులో బోలెడు మంచి జవాబులు రాసి బంగారు బ్యాడ్జి తెచ్చుకున్నవాళ్లైతే ఒక్కరే డూప్లికేట్ అని, అంటే ఇంతకుముందే అడిగిన ప్రశ్నే అని, మూసేయగలరు. డూప్లికేట్ అన్నారంటే మిమ్మల్ని గెంటేశారని కాదు, ఫలానా గది అటుంది అని చెయ్యి చూపించారని.

ఇంగ్లీష్ తప్పులకి అక్కడ ఎవరూ తలుపు మూయరు, పక్కవాళ్లే ఎవరో ఒకరు దిద్దేస్తారు. వాళ్లకి చిరాకు తెప్పించింది మీ ఫొటో. ఫొటోలో ఉన్న కోడ్‌ని కాపీ చేసుకుని నడిపి చూడలేరు, గూగుల్‌లో వెతికితే అది దొరకదు. అక్కడ లెక్క ఏమిటంటే, ప్రశ్న అడిగేది మీరే అయినా అది మీ ఒక్కరి కోసం ఉండదు. మూడేళ్ల తర్వాత అనకాపల్లిలోనో నైరోబీలోనో ఇంకొకరికి ఇదే 23 వస్తుంది చూడండి, ఆ మనిషికి దొరకాలి. అర్జెంటు అని మీరు రాసిన ముక్క ఆ మనిషికి ఎందుకూ పనికిరాదు. ఈసారి ఇలా పెట్టి చూడండి: తలకట్టులో 'రెండు అంకెలు కూడితే 5 బదులు 23 వస్తోంది, ఎందుకు?' కింద నాలుగు లైన్ల కోడ్ టైప్ చేసి, దాని కింద నేనిచ్చింది ఇది, రావాల్సింది ఇది, వచ్చింది ఇది అని మూడు ముక్కలు. నమస్కారాలు, థాంక్యూలు అక్కర్లేదు. మర్యాద తెలియకనా అనుకుంటారేమో, చదివేవాడికి కోడ్ తొందరగా కనపడాలని.

అలాగని మూసినవాళ్లంతా ధర్మరాజులని నేననను. అక్కడి ధోరణి కొత్తవాళ్లని బెదరగొడుతోందని 2018లో ఆ కంపెనీయే బాహాటంగా ఒప్పుకుంది. నా సంగతే చెబుతాను. ఒక రాత్రి పన్నెండు దాటాక, నిద్ర కళ్లతో, తలకట్టు మాత్రం చదివి ఒక ప్రశ్నని డూప్లికేట్ అని మూసేశాను. పొద్దున్న లేచి చూస్తే ముగ్గురు కలిసి తెరిచేశారు, అడిగిన అమ్మాయి కింద రాసింది, 'రెండో పేరా చదివారా?' అని. చదవలేదు. సారీ చెప్పాను. కాబట్టి తప్పు జరిగిందనిపిస్తే అడగండి, కానీ నన్నెందుకు తొక్కుతున్నారు అని మొదలుపెట్టకండి, నా ప్రశ్నకీ ఆ పాత ప్రశ్నకీ తేడా ఫలానా చోట అని మొదలుపెట్టండి. మొదటిదానికి జవాబు రాదు, రెండోదానికి వస్తుంది.

ప్రశ్న: ఒక ప్రశ్నకి చాట్‌జీపీటీతో జవాబు రాయించి పెట్టాను. నేను నడిపి చూశాను, కరెక్టే. అయినా తీసేసి వార్నింగ్ ఇచ్చారు. జవాబు సరైనదైతే ఎవరు రాస్తే ఏం? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు నడిపి చూశారు, నమ్ముతాను. మీ పక్కవాడు చూడడు, అదే గొడవ. చాట్‌జీపీటీ జనంలోకి వచ్చిన కొద్ది రోజులకే, 2022 డిసెంబర్ మొదటి వారంలో, దానితో రాయించిన జవాబులు పెట్టొద్దని స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధం పెట్టింది. కారణం మహా సాదా. అలాంటి జవాబు పుట్టడానికి అర నిమిషం, అది తప్పని తేల్చడానికి తెలిసినవాడికి అరగంట. పైగా తప్పు జవాబు కూడా చూడ్డానికి ఇస్త్రీ చొక్కా వేసుకున్నట్టు నీటుగా ఉంటుంది. పూర్వం తెలియనివాడు రాస్తే ఆ రాతలోనే తెలిసిపోయేది, ఇప్పుడు తెలియదు. ఇంకా ఒక మాట, అడిగినవాడికి చాట్‌జీపీటీయే కావాలంటే మీ దాకా రానక్కర్లేదు కదా.

ప్రశ్న: మాది హనుమకొండ. మా అబ్బాయి సాఫ్ట్‌వేర్. ఆఫీసు నుంచి వచ్చి అన్నం తిన్నాక మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచి రెండు గంటలు ఏదో చేస్తూ ఉంటాడు. అడిగితే ఎలక్షన్‌లో గెలిచి మోడరేటర్ అయ్యానంటాడు. జీతం ఎంతరా అంటే లేదంటాడు. సంబంధాలవాళ్లు అడిగితే ఏమని చెప్పుకోవాలి? అసలు ఇది పనేనా?

జవాబు: అమ్మా, పనే. మీవాడు అబద్ధం ఆడట్లేదు, ఎలక్షన్ నిజంగానే ఉంటుంది. స్టాక్ ఓవర్‌ఫ్లో కుటుంబంలో నిలదొక్కుకున్న సైట్లలో మోడరేటర్లని సభ్యులే ఓట్లేసి ఎన్నుకుంటారు, నూట యాభై పాయింట్లు ఉంటే ఓటు హక్కు, మొదటి ఇష్టం రెండో ఇష్టం అని వరసగా రాయాలి, మన ఎమ్మెల్సీ ఎన్నికల్లాగా. గెలిస్తే పేరు పక్కన చిన్న డైమండ్ గుర్తు పెడతారు. నిజం వజ్రం కాదు, సంబంధాలవాళ్లకి ఆ ముక్క ముందే చెప్పేయండి.

ఆ రెండు గంటల్లో ఏం చేస్తాడంటే, చీపురు పని. బరువు తగ్గించే మందుల ప్రకటనలు, దొంగ కస్టమర్ కేర్ నంబర్లు జొరబడుతుంటాయి. సభ్యులే కొందరు స్పామ్ అని గుర్తు పెడితే అవి వాటంతటవే పోతాయి, చాలావరకు మీవాడి దాకా రావు. మీవాడి దాకా వచ్చేవి చిక్కుముళ్లు. ఒకడు నాలుగు అకౌంట్లు తెరిచి తన జవాబులకి తానే ఓట్లేసుకుంటాడు. ఇంకొకడు పక్కవాడిది ఎత్తి తన పేరుతో పెడతాడు. ఇద్దరు కామెంట్లలో మొదలుపెట్టి తాతల దాకా వెళతారు. సభ్యుల ఓట్లతో తేలని వాటికోసమే మోడరేటర్, అది మొదటినుంచీ వాళ్లు పెట్టుకున్న పద్ధతి. ఎవరి జవాబు ఒప్పో తప్పో తేల్చడం మాత్రం ఆ పనిలో లేదు, అది ఓట్లు చూసుకుంటాయి. సభ్యుల మెయిల్ అడ్రసుల్లాంటివి మోడరేటర్‌కి కనిపిస్తాయి కాబట్టి బయటికి చెప్పనని ఒప్పందం కూడా ఉంటుంది. ఏం చేస్తున్నావురా అంటే మీవాడు నసుగుతున్నాడంటే ఇది ఒక కారణం కావచ్చు.

ఇక జీతం. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే మోడరేటర్లు కూడా ఒక రోజు దాదాపు ఇదే అడిగారు. 2021లో ప్రోసస్ అనే సంస్థ స్టాక్ ఓవర్‌ఫ్లోని 180 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. ఆ విలువంతా ఎక్కడిది, జనం ఊరికే రాసిన జవాబులు, జనం ఊరికే ఊడ్చిన వాకిలి. 2023 మే చివర్లో, మెషీన్ రాసిందన్న అనుమానంతో జవాబులు తీసేయడం దాదాపుగా ఆపేయమని కంపెనీ మోడరేటర్లకి చెప్పింది, అమాయకుల జవాబులు కూడా పోతున్నాయని దాని వాదన. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు, గుర్తుపట్టే పరికరాలు అప్పటికీ ఇప్పటికీ నమ్మదగ్గవి కావు. కానీ తమతో మాట్లాడకుండా, తమకి లోపల చెప్పింది ఒకటి బయట ప్రకటించింది ఒకటిగా తేల్చేశారని మోడరేటర్లకి ఒళ్లు మండింది. జూన్ 5న సమ్మె. వంద మందికి పైగా మోడరేటర్లు సంతకాలు పెట్టారు, స్పామ్‌ని దానంతటదే పట్టిచ్చే ప్రోగ్రామ్‌ని (బాట్ అంటారు) నడిపే వాలంటీర్లు కూడా దాన్ని ఆపేశారు. జీతం లేనివాళ్లు సమ్మె చేస్తే ఎవరికి నష్టం అనుకుంటాం, రెండు నెలలు చర్చలు సాగి, ఆగస్టులో ఒప్పందం కుదిరాకే చీపుర్లు మళ్లీ పట్టారు. వాళ్లు జీతం అడగలేదు చూశారా. మమ్మల్ని అడగకుండా మా పని మార్చొద్దు అన్నారు.

మరి ఎందుకు చేస్తాడు? కొందరు గుళ్లో వడ్డన ఎందుకు చేస్తారో అందుకు. కొంత పేరు కూడా, లేదంటే అబద్ధం. నేను మానేసింది మాత్రం నిద్ర చాలక. మీవాడిని నెలకొకసారి అడగండి, ఈ వారం ఎన్ని తిట్లు వచ్చాయిరా అని. నవ్వి చెబితే పర్లేదు. చెప్పకుండా ల్యాప్‌టాప్ మూసేస్తే కొన్నాళ్లు సెలవు పెట్టమనండి. అక్కడ సెలవు చీటీ ఎవరూ అడగరు.

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాను. కొత్తగా వచ్చే మన తెలుగు విద్యార్థుల కోసం ప్రశ్నలు జవాబుల గ్రూపు ఒకటి నడుపుతున్నాను, నేనొక్కడినే మోడరేటర్. మా నాన్నగారి పిన్ని కొడుకు, నాకు బాబాయ్ అవుతారు, అందులో ప్రతి ప్రశ్నకీ జవాబిస్తారు. నిన్న ఒక కుర్రాడు క్యాంపస్ బయట గ్యాస్ స్టేషన్‌లో పని చేయొచ్చా అని అడిగితే 'ఇరవై గంటల దాకా చేసుకో, ఎవరూ చూడరు' అని రాశారు. తీసేస్తే ఆయన విజయవాడలో మా అమ్మకి ఫోన్ చేస్తారు. ఏం చేయను?

జవాబు: ఇది చదివే లోపే తీసేసి ఉండాల్సింది. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద వారానికి ఇరవై గంటలు అనేది కాలేజీ నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల పనికి. బయట పని చేయాలంటే అనుమతి ఉండాలి, మొదటి విద్యా సంవత్సరంలో అయితే మామూలుగా ఆ దారి కూడా ఉండదు. బాబాయ్‌గారి మాట విని ఆ కుర్రాడు వెళితే పోయేది అతని స్టేటస్, అంటే అక్కడ చట్టప్రకారం ఉండే హక్కు. మామూలు తప్పు జవాబైతే ఉంచేసి కింద సరైనది రాయమంటాను, ఇది ఆ రకం కాదు.

కానీ మీ చేత్తో తీయొద్దు. ఈ వారంలోనే ఇంకో ఇద్దరిని మోడరేటర్లుగా పెట్టుకోండి, మీ చుట్టాలు కానివాళ్లని, వీలైతే వేరే ఊరివాళ్లని. మీ చుట్టాలవీ, మీరు ఆల్రెడీ వాదనకి దిగినవీ ఆ ఇద్దరే చూస్తారని గ్రూపులో పైనే రాసిపెట్టండి. వీసా, పని, పన్నుల ప్రశ్నలకి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు పేజీ లింకు లేకుండా జవాబు ఉండదని రెండో రూలు. బాబాయ్‌గారి ఒక్కరి కోసమని కాదు, అందరికీ. తీసేసినప్పుడల్లా ఎందుకు తీశామో ఒక్క లైను, లేకపోతే మొత్తం కుట్ర కింద లెక్క.

ఆయన్ని గ్రూపులోంచి మాత్రం తీయకండి. మీరు పంపినవాటిలో చూశాను, అపార్ట్‌మెంట్ లీజుల గురించీ పాత కార్ల గురించీ ఆయన రాసినంత పనికొచ్చేది అక్కడ ఇంకెవరూ రాయట్లేదు. విడిగా ఇలా రాయండి: 'బాబాయ్, ఆ గ్యాస్ స్టేషన్ జవాబు మావాళ్లు తీశారు, కుర్రాడికి వీసా ఇబ్బంది అవుతుందని. మీరు కార్ ఇన్సూరెన్స్ మీద రాసింది పైన పిన్ చేద్దామనుకుంటున్నాం, మీకు సరేనా?' రెండో వాక్యం ఉత్తుత్తిగా రాయకండి, నిజంగా పిన్ చేయండి.

పంపే ముందు విజయవాడకి ఫోన్ చేసి మీ అమ్మగారికి విషయం చెప్పేయండి. మెసేజ్ చూడగానే ఆయన ఎలాగూ చేసేది అక్కడికే.