డిగ్రీ తర్వాత ఏంటని అడిగిన మేనకోడలికి

బుజ్జీ,

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి అదే ఆలోచన. "మావయ్యా, మ్యాథ్స్ డిగ్రీతో టీచర్ అవ్వడం తప్ప ఇంకేముంది?" అన్నావు. ముందు ఆ "తప్ప" తీసెయ్యమ్మా. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను, ఆ పనిలో నాకు ఏ లోటూ లేదు. నీకూ చెప్పడం ఇష్టమైతే బీఈడీ, టెట్, డీఎస్సీ దారి ఉండనే ఉంది. వేరే దారి తెలియక మాత్రం అందులోకి రావద్దు.

టెన్త్‌లో ఉన్నప్పుడు అమ్మమ్మ చీటీ పుస్తకం ముందేసుకుని కూర్చున్నావు, గుర్తుందా? లక్ష రూపాయల చీటీ, ఇరవై నెలలు. మూడో నెలలోనే ఎవరో ఇరవై రెండు వేలు తగ్గించి పాడుకున్నారు. "ఆవిడకు అసలు వడ్డీ ఎంత పడుతోంది?" అని నువ్వే అడిగి, ఆమె నెలనెలా కట్టేదంతా లెక్కగట్టి, పాత క్యాలెండర్ కాగితాల వెనక రెండు పేజీలు నింపావు. బీమా కంపెనీల్లో లెక్కలు కట్టే యాక్చువరీల పనికి మూలం అదే. ఏ వయసు మనిషి ఎన్నాళ్లు బతికే అవకాశం ఉంది, ఇవాళ ఎంత ప్రీమియం తీసుకుంటే ఇరవై ఏళ్ల తర్వాత క్లెయిమ్ ఇవ్వగలం అని లెక్కేస్తారు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా పెట్టే ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. తర్వాత పేపర్లు ఒక్కొక్కటే పాసవ్వాలి. ఏళ్లు పడుతుంది, ఫీజులూ తక్కువేం కాదు. కొన్ని పేపర్లు అయ్యాక ఉద్యోగం చేస్తూ మిగతావి రాసేవాళ్లున్నారు. నిన్ను తలచుకుంటే నాకు మొదట తోచింది ఇదే.

ఇంకోటి, నీ గ్రూపులో స్టాటిస్టిక్స్ ఉంది. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకు డిగ్రీలో ఆ సబ్జెక్ట్ ఉంటే చాలు. ఎంపీసీ చదివిన నీ స్నేహితులకు డిగ్రీతోనే ఆ వీలు లేదు. పేపర్ల స్థాయి పీజీది కాబట్టి ఎమ్మెస్సీ చదువుతూ సిద్ధమవడం నయం.

స్టాటిస్టిక్స్‌లో పెద్ద పేరున్న సి.ఆర్. రావు గారి సంగతి క్లాసులో ఎప్పుడూ చెప్పేవాణ్ణి. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎంఏ చేసి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి 1941లో శిక్షణకు చేరారు. 1945లో అచ్చయిన ఆయన పేపర్‌లోని ఫలితాన్నే ఇవాళ క్రామర్-రావు ఇనీక్వాలిటీ అని నువ్వు చదువుతున్నావు.

ఎమ్మెస్సీకి జామ్ అనే ఐఐటీల ప్రవేశ పరీక్ష తప్పకుండా రాయి. మూడు గంటలు, అరవై ప్రశ్నలు, వంద మార్కులు. వయసు పరిమితి లేదు. హైదరాబాద్, తిరుపతి ఐఐటీల్లో సీట్లకూ అదే పరీక్ష. నీకు మ్యాథ్స్ పేపర్ కన్నా మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్ నప్పుతుందేమో చూసుకో.

డేటా సైన్స్ పేరుతో మూడు నెలల కోర్సులకు ఇప్పుడే డబ్బు కట్టకు. పైథాన్, ఎస్‌క్యూఎల్ లాంటి కంప్యూటర్ భాషలు రోజుకో గంట చొప్పున ఇంట్లోనే నేర్చుకోవచ్చు. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా ఉండటమే కష్టం. అవి నీకున్నాయి.

నేను చేసిన తప్పొకటి చెప్పాలి. డిగ్రీ అవ్వగానే ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల మాట నమ్మి రెండేళ్లు బ్యాంకు పరీక్షలకే కూర్చున్నాను. ఉద్యోగం రాలేదు, లెక్కలూ చెయ్యి జారాయి. ఎమ్మెస్సీలో చేరాక లిమిట్ నిర్వచనం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ బాధ ఇంకా పోలేదు. నువ్వు ఏ పరీక్షకు చదివినా రోజూ ఒక్క థియరమైనా చూడకుండా రాయి.

వచ్చే ఆదివారం జామ్ పాత పేపర్ ఒకటి ప్రింట్ తీసుకుని రా. ముందు గదిలో ఫ్యాన్ కింద కూర్చుని మూడు గంటలు రాద్దువు గాని, నేను పక్కనే ఉంటాను. ఎక్కడ ఆగిపోయావో ఇద్దరం కలిసి చూద్దాం. పెళ్లి సంబంధాల గురించి టెన్షన్ పడకు, మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మీ మావయ్య