ముందు చెయ్యి తిరగనివ్వండి, షాపు తర్వాత

ప్రశ్న (ఉత్తరం సారాంశం): నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో బ్యాక్ ఆఫీస్ ఉద్యోగం, చేతికి 46 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 30 వేలు, చీటీకి 10 వేలు. ఎఫ్‌డీలో 4.2 లక్షలున్నాయి. 2 లక్షల చీటీ, 20 నెలల్లో 11 కట్టాను, ఇంకా పాడలేదు. అమ్మ బంగారం 12 తులాలు. హెయిర్ స్టయిలిస్ట్ కావాలన్నది చిన్నప్పటి కల. అకాడమీ ఫీజు 1.8 లక్షలట. పిన్నేమో బంగారం తాకట్టు పెట్టి నేరుగా సెలూన్ పెట్టెయ్ అంటోంది. ఉద్యోగం మానేయనా?

జవాబు: మానేయండి. కానీ ఇప్పుడు కాదు, తొమ్మిది నెలలయ్యాక.

సంక్రాంతి సెలవులకి బాబాయి పిల్లల్ని అరుగు మీద వరసగా కూర్చోబెట్టి, అమ్మమ్మ కుట్టుమిషన్ కత్తెరతో అందరికీ జుట్టు కత్తిరించేదాన్నని రాశారు చూడండి, అది రెండుసార్లు చదివాను. ఇరవై ఏళ్లయినా ఆ కత్తెర బరువు మీకు గుర్తుందంటే ఇది నాలుగు రోజుల మోజు కాదు, అందుకే వద్దనడం లేదు.

పిన్ని మాట మాత్రం వినకండి. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ ఏసీ, అద్దాలు, హైడ్రాలిక్ కుర్చీలు, షాపు అడ్వాన్స్ అన్నీ కలిపి 11 లక్షలు పెట్టారు, ఆవిడకి కటింగ్ రాదు, ఇద్దరు స్టయిలిస్టుల్ని పెట్టుకున్నారు. ఏడాది తిరక్కుండానే ఆ ఇద్దరూ మానేసి రెండు వీధుల అవతల సొంత షాపు తెరిస్తే కస్టమర్లూ వాళ్ల వెంటే వెళ్లిపోయారు. ఈ పనిలో జనం వచ్చేది చేతిని చూసి, అద్దాల్ని చూసి కాదు. కాబట్టి మీ డబ్బు ముందు మీ చేతి మీద పెట్టండి.

తొమ్మిది నెలలెందుకంటే, చీటీకి ఇంకా తొమ్మిది వాయిదాలున్నాయి. ఇప్పుడే పాడితే పాటలో కొంత సొమ్ము వదులుకోవాలి, పైగా పాడినవాళ్లు మిగతా వాయిదాలకి జామీను చూపించాలి, జీతం లేనివాళ్లకి అది పెద్ద తలనొప్పి. ఆఖరిదాకా ఉంటే మీరు చెప్పిన 5 శాతం కమీషన్ పోను 1.9 లక్షలు చేతికొస్తాయి, బాకీ కూడా ఉండదు. ఈలోగా శని ఆదివారాల బ్యాచ్ ఉంటే కోర్సు మొదలుపెట్టేయండి. ఫీజు కట్టేముందు ఒక్కటే అడగండి: డమ్మీ తలల మీద ఎన్ని కటింగులు చేయిస్తారు, మనుషుల మీద ఎన్ని? రెండోదానికి సరిగ్గా జవాబు చెప్పకపోతే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. ఐటీఐల్లో కాస్మెటాలజీ అని ఏడాది కోర్సు కూడా ఉంది, ఫీజు చాలా తక్కువ, కాకపోతే రోజూ వెళ్లాలి కాబట్టి ఉద్యోగంతో కుదరదు.

ఇక లెక్క. ఎఫ్‌డీ 4.2, చీటీ 1.9, ఈ తొమ్మిది నెలల్లో నెలకి 6 వేలు దాస్తే ఇంకో 54 వేలు, మొత్తం సుమారు 6.64 లక్షలు. ఇందులో ఫీజు 1.8, మంచి కత్తెర్లు, డ్రయ్యరు, ఇన్సూరెన్స్ కలిపి 60 వేలు తీసేస్తే 4.24 మిగులుతుంది. ఉద్యోగం మానేశాక ఒక సెలూన్‌లో అసిస్టెంట్‌గా చేరండి, మీకు తెలిసిన చోట 12 వేలు ఇస్తామన్నారు కదా. చీటీ అయిపోయింది కాబట్టి ఖర్చు 30 వేలే, నెలకి 18 వేలు లోటు పడుతుంది, ఏడాదిన్నరకి 3.24 లక్షలు. అప్పటికీ లక్ష మిగిలే ఉంటుంది, బంగారం, పీఎఫ్ ముట్టుకోనక్కర్లేదు. మొదటి ఆర్నెల్లు తలలు కడగడం, కింద పడ్డ వెంట్రుకలు ఊడవడంతోనే సరిపోవచ్చు, చిన్నతనం అనుకోకండి, డిగ్రీ చదివి ఇదేం పనని చుట్టాలు అన్నా పట్టించుకోకండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. అమ్మగారికి బీపీ, ఆవిడ మీ ఆఫీసు ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు. ఉద్యోగంతో పాటు అదీ పోతుంది. కొత్త పాలసీలో పాత జబ్బులకి మూడేళ్ల దాకా క్లెయిమ్ ఇవ్వకుండా వెయిటింగ్ పెట్టొచ్చు, అందుకే రాజీనామాకి కనీసం రెండు నెలల ముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారడం కుదురుతుందేమో హెచ్‌ఆర్‌ని అడగండి, అలా మారితే ఇప్పటిదాకా గడిచిన కాలం కలిసొస్తుంది. మీ పేరు మీద టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా జీతం స్లిప్పు ఉండగానే తీసుకోండి.

సొంత షాపు సంగతి రెండేళ్ల తర్వాత. అప్పుడైనా ఒక కుర్చీతో మొదలుపెట్టండి. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోన్‌లో శిశు అనే రకం కింద 50 వేల దాకా, కిశోర్ అనే రకం కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ టెన్షన్ కూడా ఉండదు.

ఈ లెక్కంతా ఒక కాగితం మీద రాసి అమ్మగారికి చూపించండి. బంగారం బీరువాలోంచి కదలదని మొదటి లైన్‌లోనే రాయండి, మీ ఉత్తరాన్ని బట్టి ఆవిడ భయమంతా అక్కడే ఉంది.