దారితప్పిన తాబేలు పిల్లల్ని ఎత్తి నీళ్లలో వేసేయొచ్చా?

డాక్యుమెంటరీలో తాబేలు పిల్లలు వీధి దీపాల వైపు పాకడం చూసి మీ పాప ఏడ్చిందన్నారు, మన బీచ్‌లో కనిపిస్తే ఏం చేయాలని అడిగారు. పాప చూసింది బహుశా బీబీసీ సిరీస్ ప్లానెట్ ఎర్త్ 2 (2016)లో నగరాల భాగం, కరీబియన్ దీవి బార్బడోస్ తీరం. దారితప్పి దొరికిన పిల్లల్ని ఆ చిత్రబృందం ఏరి సముద్రానికి చేర్చింది. ముందు పాపకు ఆ మాట చెప్పండి.

మన దగ్గరికొచ్చేవి ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు. విశాఖ, కాకినాడ, సూర్యలంక వైపు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట గుడ్లు పెడతాయి. గుంతకు వంద పైచిలుకు, సుమారు 45 సెంటీమీటర్ల లోతున. పొదగడానికి ఏడెనిమిది వారాలు. గుంత కనిపిస్తే తవ్వొద్దు. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపల పైభాగానికి అతుక్కుంటుంది, ఆ తర్వాత గుడ్డు తిరగబడితే చచ్చిపోతుంది. కుక్కలు రాకుండా కాపలా ఉండి అటవీ శాఖకు ఫోన్ చేయండి. గుడ్లను కాపాడి పొదిగించే హేచరీకి తరలించడం వాళ్ల పని. 1972 వన్యప్రాణి చట్టంలో ఇవి మొదటి షెడ్యూల్ జీవులు, అంటే ఎక్కువ రక్షణ ఉన్నవి, గుడ్లు తీస్తే కేసవుతుంది.

పిల్లలు వెలుతురున్న వైపు నడుస్తాయి. చీకటి తీరంలో అది సముద్రమే, హోటల్ లైట్లుంటే రోడ్డు. కాబట్టి మొదట లైట్లు ఆర్పించండి. టార్చి, ఫ్లాష్ వద్దు. అప్పటికే రోడ్డెక్కినవాటిని అటవీ సిబ్బందికి చెప్పి, తడి ఇసుక పరిచిన బకెట్లో పెట్టి, పైన గుడ్డ కప్పి, చీకటిగా ఉన్న చోట అలకు పది అడుగుల ఇవతల ఇసుక మీద వదలండి. మిగతా దూరం అవే నడవాలి. బకెట్లో నీళ్లు మాత్రం పోయొద్దు. నీళ్లు తగలగానే ఆగకుండా ఈత మొదలుపెడతాయి, తొలి రోజు లోతుకు చేరడానికి దాచుకున్న శక్తంతా అక్కడే అయిపోతుంది.

నిజానికి కెమెరాకు ముద్దొచ్చే పిల్లల కంటే తల్లుల చావు పెద్ద నష్టం. గుడ్లు పెట్టే వయసు రావడానికి పదేళ్ల పైనే పడుతుంది. ట్రాలర్ (వలను నీళ్లలో ఈడ్చుకెళ్లే మరబోటు) వలలో చిక్కిన తాబేలు పైకొచ్చి గాలి పీల్చలేక మునిగిపోతుంది. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, అప్పటికి గుడ్ల కాలం దాదాపు అయిపోయినట్టే. అందుకే వలలో ఇనుప కమ్ముల చట్రం, దాని పక్కన తాబేలు బయటపడే ద్వారం ఉండాలంటారు. రొయ్యలు కమ్ముల సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి ద్వారంలోంచి జారిపోతుంది. కొంత చేప కూడా పోతుందని బోటువాళ్లు ఆ ద్వారాన్ని కట్టేస్తుంటారు.

ఒడ్డున చచ్చిన తాబేలు కనిపిస్తే దాని ముందరి కాళ్లు చూడండి. లోహపు ట్యాగ్ ఉంటే నంబరు ఫొటో తీసి, చోటు, తేదీతో అటవీ శాఖకు పంపండి.